కుడి పక్కటెముకల కింద

ఉప్పల్ చౌరస్తా, పొద్దున ఎనిమిదిన్నర. పైన మెట్రో, దాని కింద స్కైవాక్, నేల మీద వరంగల్ బస్సుల కోసం పరుగెత్తే జనం. నారపల్లి దాకా కడుతున్న ఫ్లైఓవర్ దుమ్ము ఆటోలోకి కొడుతోంది. మీ పక్కన మీ బావ. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా కుడిచేత్తో పక్కటెముకలు అదిమి పట్టుకుంటున్నాడు. ఊపిరి నిండుగా పీల్చడం లేదు, సగం పీల్చి ఆపేస్తున్నాడు. అవతలివైపు మీ అక్క, ఒళ్లో పాత రిపోర్టుల కవరు. "జర మెల్లగ పోనియ్యి తమ్మీ" అని డ్రైవరును బతిమాలుతోంది.

బావ పేరు మనకు అవసరం లేదు. నాచారం పారిశ్రామికవాడలో మెషీన్ ఆపరేటర్ అనుకోండి. ముప్పై అయిదేళ్లు, చిలకానగర్‌లో అద్దె ఇల్లు. లివర్‌లో అమీబా గడ్డతో ఆస్పత్రికి చేరే మనిషి చాలాసార్లు ఇలాగే ఉంటాడు. మగవాడు, ఇరవైకీ యాభైకీ మధ్య వయసు, రెక్కల కష్టం మీద బతికేవాడు. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లలో ఈ జబ్బు ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ.

జ్వరం మొదలై మూడు వారాలైంది. సాయంత్రమైతే చలి, అర్ధరాత్రి దుప్పటి తడిసేంత చెమట. మొదట వీధి చివరి ఆర్‌ఎంపీ రెండు సూదులు వేశాడు. తర్వాత రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఛాతీ కింద బరువుగా ఉందంటే గ్యాస్ మాత్రలు రాశారు. కళ్లు పచ్చబడ్డట్టున్నాయని పక్కింటి పెద్దమ్మ అంటే, పసిరికల మందు కోసం ఊరికి పోయి వచ్చారు. బెల్టు రెండు బెజ్జాలు లోపలికి జరిగింది. ఇంత జరిగినా ఒక్కరూ ఆయన చొక్కా పైకెత్తి పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు. ఈ జబ్బులో నాకు కోపం తెప్పించేది ఇదే.

హబ్సిగూడ దాటి ఆటో ఆస్పత్రి ముందు ఆగింది. ఓపీ వరసలో గంటన్నర నిలబడ్డాక లోపలికి పిలిచారు. డాక్టరమ్మ రిపోర్టుల కవరు పక్కన పెట్టింది.

"నొప్పి ఎక్కడ?"

"ఈడ, మేడమ్." బావ కుడి రొమ్ము కింద అరచెయ్యి మొత్తం పరిచి చూపించాడు.

"కుడి భుజం కూడా నొస్తదా?"

బావ తలెత్తి చూశాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. బస్తాలు మోసినందుకు పట్టేసిందనుకున్నాడు. లివర్ పైభాగం వాచి డయాఫ్రమ్‌కు ఒరుసుకుంటే, ఆ డయాఫ్రమ్‌కు వచ్చే నరం మెడలో పుడుతుంది కాబట్టి, నొప్పి భుజం మీద తెలుస్తుంది. అది తెలిసిన డాక్టరు కాబట్టే ఆ ప్రశ్న అడిగింది.

బల్ల మీద పడుకోబెట్టింది. మీరు ఆమె చూపుడువేలునే చూడండి. రెండు పక్కటెముకల మధ్య సందులో ఆ వేలి కొన పెట్టి నొక్కింది. బావ ఊరుకున్నాడు. దాని కింది సందు. ముఖం ముడుచుకున్నాడు. మూడో సందులో వేలు దిగగానే బల్ల మీది రెక్సిన్‌ను గుప్పిట్లో పట్టేశాడు, కంటి కొసన నీళ్లు. డాక్టరమ్మ వేలు తీసేసింది. అదే చోట పెన్నుతో చిన్న గుర్తు పెట్టింది. మూడు వారాలుగా అందరూ వెతుకుతున్న జవాబు అంతసేపట్లో దొరికింది. యంత్రం లేదు, పరీక్షనాళిక లేదు, ఒక వేలు.

"విరేచనాలు అయినయా?"

"లేవు మేడమ్."

"కల్లు?"

అక్క తల దించుకుంది. "ఆదివారం, మేడమ్. దోస్తులతోని," అన్నాడు బావ, గోడవైపు చూస్తూ.

అమీబా అనగానే మనకు జిగట విరేచనాలు గుర్తొస్తాయి. కానీ లివర్‌లో గడ్డ కట్టినవాళ్లలో విరేచనాలు ఉండేది మూడోవంతు మందికి కూడా కాదు. మలపరీక్షలో అమీబా చాలామందికి కనబడదు. పేగుల్లో అలజడి లేకుండానే అది లివర్‌కు చేరిపోయి ఉంటుంది. టైఫాయిడ్ అనీ, గ్యాస్ అనీ, పసిరికలు అనీ రోజులు గడిచిపోయేది ఇందువల్లే.

స్కానింగ్ గది చీకటిగా, చల్లగా ఉంది. మిమ్మల్ని కూడా లోపలికి రానిచ్చారు. జెల్ తగలగానే బావ ఒళ్లు జలదరించింది. "ఊపిరి పట్టు... వదులు... మళ్లీ పట్టు." తెర మీద లివర్ బూడిదరంగులో మెరుస్తోంది. ప్రోబ్ కుడివైపు పైకి జరిగింది. బూడిదరంగు మధ్యలో గుండ్రటి నల్లటి ప్రదేశం. రేడియాలజిస్టు దాని ఒక అంచు మీద చుక్క పెట్టాడు, అవతలి అంచు మీద ఇంకో చుక్క. 9 సెంటీమీటర్లు. అడ్డంగా 8. "దాదాపు మూడు వందల ఎంఎల్ ఉంటది," అన్నాడు. మూడు వందల మిల్లీలీటర్లంటే పెద్ద గ్లాసు నిండుగా. అంత లివర్ అక్కడ కరిగిపోయింది.

ఎవరు కరిగించారు? ఇప్పుడు బావ ఒంట్లోకి వెళ్దాం.

నెలల కిందట ఒకరోజు, ఏ నీళ్లలోనో, ఏ కడగని గ్లాసులోనో ఒక తిత్తి ఆయన నోట్లోకి వెళ్లింది. ఆ తిత్తిని సిస్టు అంటారు. మిల్లీమీటరులో నూరోవంతు ఉంటుంది. నాలుగు కేంద్రకాలు, చుట్టూ గట్టి గోడ. కడుపులోని ఆమ్లం ఆ గోడను ఏమీ చెయ్యలేదు. నల్లా నీళ్లలో కలిపే మామూలు మోతాదు క్లోరిన్ కూడా ఏమీ చెయ్యలేదు. చిన్నపేగులో గోడ విచ్చుకుంది, ఒక్క తిత్తిలోంచి ఎనిమిది అమీబాలు బయటికొచ్చాయి. పెద్దపేగు వాటి ఇల్లు. చాలామందిలో అవి అక్కడే ఉండిపోతాయి, మనిషికి తెలియనైనా తెలియదు. కొందరిలో మాత్రం పేగు గోడను కొరికి రక్తనాళంలోకి దిగుతాయి. కొరకడం అన్నది నిజంగానే కొరకడం. బతికున్న మన కణాన్ని అమీబా ముక్కముక్కలుగా కొరికి తిని చంపుతుందని 2014లో అమెరికా శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద చూపించారు.

పేగుల నుంచి బయల్దేరిన రక్తమంతా పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే చేరాలి. పేగులో ఏది తప్పించుకున్నా మొదటి మజిలీ లివరే. అందులోనూ కుడి లోబు పెద్దది, ఎక్కువ రక్తం అటే పోతుంది. అందుకే పదిలో ఎనిమిది గడ్డలు కుడివైపే కడతాయి. అమీబాలు కణాలను చంపుకుంటూ చుట్టూ విస్తరిస్తాయి, మధ్యలో చచ్చిన లివర్ ద్రవంగా మారుతుంది. దాన్ని చీము అంటాం గానీ చీముకుండే తెల్లకణాలు అందులో తక్కువ. అమీబాలు కూడా ఆ ద్రవంలో పెద్దగా దొరకవు, గడ్డ అంచున, ఇంకా బతికున్న లివర్ పక్కన ఉంటాయి.

ఈ జీవిని మనుషులు గుర్తుపట్టి ఎంతో కాలం కాలేదు. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ అనే డాక్టరు ఒక రైతు మలంలో దీన్ని చూశాడు. 1890లో బాల్టిమోర్‌లో విలియం ఆస్లర్ లివర్ గడ్డలోని ద్రవంలో చూశాడు. ఆ రోగి పనామాలో బతికి వచ్చిన ఒక డాక్టరు. 1903లో షౌడిన్ అనే శాస్త్రవేత్త దానికి ఎంటమీబా హిస్టోలిటికా అని పేరు పెట్టాడు. మన దేశానికి దగ్గరి కథ మాత్రం కలకత్తాది. అప్పట్లో పొట్ట కోసి గడ్డ తెరిచేవారు, అలా కోసినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. కలకత్తాలో పనిచేసిన లియొనార్డ్ రోజర్స్ కోత వద్దన్నాడు. సూదితో లాగండి, లోపల అమీబాను మందుతో చంపండి అన్నాడు. 1912లో ఇపెకాక్ వేరు నుంచి తీసిన ఎమెటిన్‌ను సూదిమందుగా వాడి చూపించాడు. ఎమెటిన్ గుండెను దెబ్బతీసే మందు, అయినా వేలమంది బతికారు. 1966లో డర్బన్ డాక్టర్లు మెట్రోనిడజోల్ మాత్రతో లివర్ గడ్డ నయమవుతుందని చూపించాక ఎమెటిన్ అవసరం దాదాపు తీరిపోయింది. ఆ మెట్రోనిడజోల్‌కు హైదరాబాద్‌తో బంధం ఉంది. 1976లో అంజిరెడ్డి మొదలుపెట్టిన యూనిలాయిడ్స్ తయారుచేసిన మందుల్లో అదొకటి. ఆయన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ పెట్టింది ఆ తర్వాత ఎనిమిదేళ్లకు.

వార్డుకు వచ్చేశారు. స్టాండుకు వేలాడుతున్న 100 ఎంఎల్ ప్లాస్టిక్ సీసా మీద చదవండి: మెట్రోనిడజోల్. ఎనిమిది గంటలకొకటి. బావ నాలుక మీద ఇనుము నాకిన రుచి, మూత్రం ముదురు రంగు. అక్క కంగారు పడుతోంది. అది మందు లక్షణమేనని సిస్టర్ చెప్పింది. పక్కనే ఇంకో యాంటిబయాటిక్ కూడా ఎక్కుతోంది. బ్యాక్టీరియా వల్ల పుట్టే గడ్డ కూడా స్కానులో ఇలాగే కనబడుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ. రక్తపరీక్షలు తేల్చేదాకా రెండింటికీ వైద్యం చేస్తారు.

అమీబా గడ్డ ఉన్న అందరికీ సూది అక్కర్లేదు. చాలామందికి మందుతోనే తగ్గుతుంది. కానీ గడ్డ పెద్దదై పగిలేలా ఉన్నా, ఎడమ లోబులో ఉన్నా, మూడు నాలుగు రోజుల మందుకు జ్వరం దిగకపోయినా లాగెయ్యాలి. ఎడమవైపు గడ్డకు డాక్టర్లు ఎందుకు భయపడతారంటే, దాని పైనే గుండె ఉంటుంది. కుడివైపుది పైకి పగిలితే ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది, కిందికి పగిలితే పొట్టంతా పాకుతుంది. అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. బావ గడ్డకూ, లివర్ పైపొరకూ మధ్య మిగిలిన లివర్ సన్నటి అంచు మాత్రమే. సూది వెయ్యాల్సిందే అన్నారు.

రక్తం గడ్డకట్టే పరీక్ష సరిగ్గా ఉందని చూసుకున్నారు. మళ్లీ అదే చీకటి గది. పెన్ను గుర్తు ఇంకా చెరగలేదు. అయొడిన్‌తో తుడిచారు, మత్తుసూది వేశారు. "ఊపిరి పట్టు, కదలకు." తెర మీద సన్నటి తెల్లగీత నల్లటి ప్రదేశంలోకి దిగింది. అదే సూది. డాక్టరు సిరంజి వెనక్కి లాగాడు.

మొదట పసుపుపచ్చగా వచ్చింది. తర్వాత ఎర్రమట్టి రంగు తిరిగింది, చిక్కబడింది. పాశ్చాత్య వైద్య పుస్తకాలు దీన్ని ఆంచొవీ చేపల సాసుతో పోలుస్తాయి. మీ కళ్లకు మాత్రం అచ్చం రాగి అంబలిలా ఉంది. వాసన లేదు. వాసన లేకపోవడం మంచి గుర్తు, బ్యాక్టీరియా చేరలేదని. ఒక సిరంజి, రెండు, మూడు, ట్రేలోని గిన్నె నిండుతోంది. బావ ముఖం చూడండి. మూడు వారాల తర్వాత మొదటిసారి ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు. సన్నటి గొట్టం లోపలే వదిలి, బయట సంచి తగిలించారు.

మూడో రోజు పొద్దున థర్మామీటరులో జ్వరం లేదు. "ఆకలైతుంది," అన్నాడు బావ. అక్క ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం అక్క మిమ్మల్ని బట్టలు తెమ్మని ఇంటికి పంపింది. చిలకానగర్ గల్లీలో నీళ్లొచ్చే వేళ అది. రోజు విడిచి రోజు వస్తాయి. ప్రెషర్ తక్కువ కాబట్టి నల్లా నేల మీద లేదు, గడప ముందు రెండడుగుల గుంత తవ్వి అందులో పెట్టారు. వంగి చూడండి. గుంత అడుగున మొన్నటి నీళ్లు నిలిచి ఉన్నాయి, నల్లా మూతి వాటిలో సగం మునిగి ఉంది. గుంతకు జానెడు దూరంలో మోరీ. నాలుగిళ్ల అవతల మ్యాన్‌హోల్ పొంగి ఆ మోరీలోకే పారుతోంది. పక్కింటాయన పైపుకు మోటరు తగిలించాడు. పైపులో నీళ్లు ఆగిపోయాక మోటరు లాగితే పైపు ఖాళీగా ఉండదు, అతుకుల్లోంచీ పగుళ్లలోంచీ చుట్టూ ఉన్నది లోపలికి వస్తుంది. చుట్టూ ఉన్నది మోరీ నీరు. తర్వాతి నీళ్ల రోజున మొదటి రెండు బిందెలు ఎందుకు వాసన వస్తాయో ఈ గల్లీలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ రెండు బిందెలు పారబోస్తారు. మూడో బిందె తాగుతారు. మూడో బిందెకు వాసన ఉండదు, సిస్టులు ఉండొచ్చు.

మురుగు, మంచినీళ్లు కలిస్తే ఏమవుతుందో ఈ నగరం చూసింది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి మనుషులు చచ్చిపోయారు. అమీబా విషయంలో ప్రపంచానికి తెలిసిన పెద్ద పాఠం షికాగోది. 1933లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరుగుతుండగా రెండు పెద్ద హోటళ్ల పాత పైపుల్లో మురుగు తాగునీటిలో కలిసింది. వెయ్యిమందికి పైగా అమీబా సోకింది, వందమంది దాకా చనిపోయారు. అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ చేయడం వల్ల పోయిన ప్రాణాలు వాటిలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఆ పెద్ద హోటళ్లలో దిగినవాళ్లు. జబ్బుపడ్డవాళ్లలో ఒక పేరున్న నటి కూడా ఉంది, పత్రికలు రాశాయి. మన గుంత నల్లాల గురించి ఎవరు రాస్తారు? ఉప్పల్, కాప్రా 2007లో జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఇళ్లు ముందు వచ్చాయి, పైపులు తర్వాత వచ్చాయి, ఆ తేడా ఇంకా నేల కింద ఉంది.

మరి కల్లు సంగతి? అది తప్పించుకుని పోలేను. మన డాక్టర్లు అమీబా గడ్డ అనుమానం రాగానే కల్లు గురించి అడిగేది ఊరికే కాదు. శ్రీలంక ఉత్తరాన జాఫ్నాలో ఈ గడ్డలతో వచ్చిన వారిపై పరిశోధన చేస్తే, దాదాపు అందరూ కల్లు తాగే మగవాళ్లే. చెట్టు మీద లొట్టిలో దిగేటప్పుడు కల్లులో అమీబా ఉండదు, అది మనిషి మలంలోంచి తప్ప ఎక్కడినుంచీ రాదు. కింద కలిపే నీళ్లు, సీసాలు కడిగే తొట్టి, అందరికీ తిరిగే గ్లాసు, గుడాలు పెట్టే చెయ్యి, వీటిలో ఎక్కడైనా చేరవచ్చు. పైగా రోజూ మద్యం పడే లివర్‌కు కాపు కాసే శక్తి తగ్గుతుంది. నగరంలో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. గీత కార్మికుల బతుకు దాని మీద ఉంది, వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ కల్లు కాంపౌండులో సీసా కడిగే నీళ్లు ఏ నీళ్లని అడిగే అధికారి కావాలి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడు అందరూ మత్తుమందుల గురించే మాట్లాడారు. నీళ్ల గురించి మాట్లాడినవారు తక్కువ.

డిశ్చార్జి రోజు. గొట్టం తీసేశారు, చిన్న కట్టు మిగిలింది. బావ ఆటో పిలవమంటున్నాడు. ఆగండి, డాక్టరమ్మ ఇంకా చెప్తోంది, ఇదే అన్నిటికంటే ముఖ్యం. మెట్రోనిడజోల్ లివర్‌లోని అమీబాను చంపుతుంది గానీ పేగులో దాక్కున్న సిస్టులను పూర్తిగా చంపదు. వాటికి ఇంకో మందు ఉంది, డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ పది రోజులు, లేకుంటే పారోమోమైసిన్ వారం. జ్వరం లేదు, నొప్పి లేదు, డ్యూటీకి పోవాలి. అప్పుడు ఈ మాత్రలు ఎవరు వేసుకుంటారు? కొన్నిచోట్ల రాయడమే మర్చిపోతారు. వేసుకోకపోతే గడ్డ మళ్లీ రావచ్చు, అంతకంటే ముందు ఆయన వల్ల ఇంట్లో పిల్లలకు అంటవచ్చు.

"మందు అయిపోయేదాక చుక్క ముట్టొద్దు," అంది డాక్టరమ్మ. మెట్రోనిడజోల్‌తో పాటు మద్యం పడితే కొందరికి వాంతులు, గుండెదడ వస్తాయి. "స్కానులో మచ్చ నెలల తరబడి కనబడ్తది, చూసి భయపడొద్దు. జ్వరం, నొప్పి మళ్లీ వస్తేనే రండి."

"ముట్టడు మేడమ్," అంది అక్క, బావ బదులు.

మీ ఇంట్లోనో, మీ గల్లీలోనో, మీ ఫ్యాక్టరీలోనో ఎవరికైనా వారం దాటి జ్వరం ఉండి, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉంటే మూడో రకం యాంటిబయాటిక్ కోసం చూడకండి, పసరు మందుకు పోకండి. అదే రోజు పొట్ట స్కానింగ్ చేయించండి. నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఈఎస్‌ఐ కార్డు ఉంటే అది ఈ అవసరానికే. నీళ్లు మరగకాచి తాగండి, క్లోరిన్ బిళ్ల ఒక్కదాన్నే నమ్ముకోకండి. మనిషి నయమై ఇంటికొచ్చాక మందుల చీటీ ఒకసారి తెరిచి చూడండి. అందులో మెట్రోనిడజోల్ ఒక్కటే ఉంటే, మళ్లీ వెళ్లి పేగుల్లోని సిస్టులకు రెండో మందు రాయమని అడగండి.